మూడోసారికి ముందు

ఎనుమాముల గేటు దాటంగనే
కండ్లకంటె ముందు ముక్కు లేస్తది.
మాఘమాసం. యార్డు నిండ ఎర్ర బస్తాలు,
వాటి మీద పండుకొని ఆవులించే రైతులు.
నేను మాత్రం మేడ మీద, అద్దాల గదిల,
సేఠ్ ఇచ్చిన ఫోను పట్టుకొని
సెకండ్లు లెక్కపెట్టే కొలువుల ఉన్న.

పని చిన్నదే.
లాటు నంబరు చూడాలె, ధర కొట్టాలె.
కొట్టుడు కాదు కష్టం,
కొట్టకుండ కూసునుడు కష్టం.

మూడు గంటలకు పాట మూసుకుంటది.
రెండున్నరకే కొట్టినోడు పిచ్చోడు.
వాని ధర చూసి ఇంకోడు పెంచుతడు,
ఇంకోని చూసి మరొకడు.
గందుకే గుమస్తాలమందరం
ఈ మిర్చి ఎవరికీ అక్కర లేనట్టు చాయ్ తాగుతుంటం.
ఆఖరి నిమిషం పడ్డంక
వెనక కుర్చీల నుంచి సేఠ్ అంటడు,
"ఆగు. ఆగు. ఇంక ఆగు."
నెట్టు నడకను బట్టి రెండు సెకండ్లా, మూడా,
అది నా బొటనవేలికి ఎరుక.
మబ్బు పడితె నాలుగు.
కరెంటు పోతె దేవుడే దిక్కు.

ఓదెలన్న నవ్వుతడు.
ఇరవై ఏండ్లు జెండా పాట పాడిన మనిషి,
గొంతు మొత్తం కారానికే ఇచ్చి
ఇప్పుడు సంచుల మూతులు కుట్టుకుంట బతుకుతున్నడు.
"పాట అన్నంక నోరుండాలె గదరా!
ఒకటోసారి అంటె రైతు తల ఎత్తేటోడు.
రెండోసారి అంటె సేఠ్‌లు ఒకని మొఖం ఒకడు చూసుకునేటోళ్లు.
మూడోసారి అనేముందు
నేను నీళ్లు తాగేటోణ్ణి.
దాహమయ్యి కాదు.
ఆ గుటకల యాభై రూపాయలు పెరిగేది."

నా పాటకు ఒకటోసారి లేదు, రెండోసారి లేదు.
ఉన్నదంతా మూడోసారే,
అదీ ఎవరికీ వినపడది.

ఆ బుధవారం, లాటు నాలుగువందల పదిహేడు.
చపాట. ఇరవైమూడు బస్తాలు.
రైతు పేరు తెర మీద పడదు గని
కిటికీల నుంచి కనపడ్డడు,
గూడూరు అవతలి తండా, బానోతు కీమ్యా.
రాత్రి డీసీఎంల వచ్చి
బస్తాకు వీపానిచ్చి కూసున్నడు.
చేతిల మీటల ఫోను.
ఆన్‌లైనంటె ఎక్కడుంటదని హమాలీని అడిగితె
హమాలీ ఆకాశం చూపించిండు.

ధర పద్దెనిమిది వేల కాడ పండుకున్నది.
మేమంతా దాని చుట్టు
గాలం ఏసినోళ్ల లెక్క ఊపిరి బిగబట్టినం.
ఇరవై సెకండ్లు.
పదిహేను.
"ఆగు" అన్నడు సేఠ్.
పదకొండు.
కింద ఎవరో బస్తా ఇప్పిండ్రు.
ఘాటు మెట్లెక్కి వచ్చి
ముక్కు పట్టుకొని గుంజింది.
తుమ్మిన.
వేలు పడ్డది.

పంతొమ్మిది వేల రెండొందలు.
పదకొండు సెకండ్లు ముందు,
నడిబజార్ల నిలబడ్డది నా ధర.
ఎన్ని ఫోన్లు ఉలిక్కిపడ్డయో!
కాశిబుగ్గ గుమస్తా, కోల్డ్ స్టోరేజి గుమస్తా,
పేరు తెలువని ఇంకెవడో.
పంతొమ్మిదిన్నర. ఇరవై. ఇరవై వేల ఆరొందలు.
మూడు కొట్టేసరికి లాటు మాది కాదు.

తుమ్మితె ఆగి, కూసొని, నీళ్లు తాగి పోవాలంటది మా నాయినమ్మ.
నేను తుమ్మితె బజారే ఉరికింది.

సేఠ్ కోపం చెయ్యలే.
"ఏమైంది సాంబరాజూ?"
"తుమ్మొచ్చింది సేఠ్."
కొద్దిసేపు నా ముక్కు దిక్కు చూసిండు.
"మరి కిటికీ ఎవరు తీసిండ్రు?"

కింద కీమ్యా చీటీని తిప్పి తిప్పి చూస్తున్నడు.
అంకెలు సరిగనే ఉన్నయా అని
ముగ్గురిని అడిగిండు.
ఓదెలన్న దబ్బనం ఆపి,
మేడ దిక్కు చూసి, సీసా ఎత్తి
ఒక్క గుటక తాగిండు.

తెల్లారి నా బల్ల మీద కొత్త మాస్కు.
కిటికీకి మేకు.
లాటు నంబరు ఒకటి, తాలు మిర్చి, ఆరు బస్తాలు.
"ఆగు" అంటున్నడు సేఠ్.
ఇంకా ఇరవై సెకండ్లున్నయి.